విజయనగరంలో పైలట్ లైసెన్సు గ్రౌండ్ క్లాసులు: పాఠానికి నిండు మార్కులు, బోర్డు మీది మాటకు కోత

విజయనగరంలో గంటస్తంభం నుండి నడిచి చేరుకోగలిగినంత దూరంలో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉన్న శిక్షణ కేంద్రంలో నేను ఎనిమిది నెలల పాటు శని, ఆదివారాల్లో చదువుకున్నాను. ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కడం, మధ్యాహ్నం రెండు గంటల వరకు క్లాసులో కూర్చోవడం, చీకటి పడేలోగా ఇల్లు చేరడం అలవాటైపోయింది. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. వయసు 41 ఏళ్లు. విమానం నడపాలనుకున్నది ఉద్యోగం కోసం కాదు, చిన్ననాటి నుండి తీరకుండా మిగిలిపోయిన సరదా కోసం. అందువల్ల ఈ సమీక్షలో డబ్బు కట్టిన విద్యార్థి ఫిర్యాదులతో పాటు, ఇరవై ఏళ్లుగా నల్లబల్ల ముందు నిలబడినవాడి చాదస్తం కూడా కొంత కనిపిస్తుంది. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఇలాంటి బోర్డు కట్టిన ఏ కేంద్రంలోనైనా ఉండగలవు కనుక, చేరబోయేవారికి పేరు కంటే లోపాల వివరమే ఎక్కువగా పనికివస్తుంది.

ముందుగా ఆ బోర్డు సంగతి చెప్పాలి. దాని మీద "పైలట్ లైసెన్సు కోర్సు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అక్కడ ఎవరికీ లైసెన్సు రాదు, రావడానికి వీలు లేదు. లైసెన్సు ఇచ్చే అధికారం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌ది, అంటే అందరూ డీజీసీఏ అని పిలిచే సంస్థది. 16 ఏళ్లు నిండి పదో తరగతి గట్టెక్కినవారు స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. 17 నిండిన తరువాత, కనీసం 40 గంటలు విమానం నడిపి, రాత పరీక్షలో నూటికి 70 మార్కులు తెచ్చుకుని, ఆకాశంలో జరిగే పరీక్షలోనూ నెగ్గితే ప్రైవేట్ పైలట్ లైసెన్సు, అంటే పీపీఎల్ వస్తుంది. ఆ 40 గంటల్లో కనీసం 5 గంటలు ఒంటరిగా ఊరు దాటి ప్రయాణించాలి. అందులో ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 278 కిలోమీటర్లకు, తగ్గకుండా, మధ్యలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగి ఆగేలా ఉండాలి. జీతానికి విమానం నడపాలంటే కమర్షియల్ లైసెన్సు కావాలి. దానికి 18 ఏళ్ల వయసు, ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం, 200 గంటల అనుభవం ఉండాలి. పీపీఎల్ ఉన్నవాడు బంధువును పక్కన కూర్చోబెట్టుకుని తిప్పవచ్చు గాని, అందుకు రూపాయి కూడా పుచ్చుకోకూడదు. పై అంతస్తులోని ఆ గదిలో మనకు దొరికేది రాత పరీక్షకు సరిపడే చదువు మాత్రమే. ఆ మాట మెట్ల దగ్గర బోర్డు మీదే రాసి ఉంటే నాకు ఈ కేంద్రం మీద సగం ఫిర్యాదు ఉండేది కాదు.

మిగతా సగం ఫిర్యాదు వారి కరపత్రం మీద. "తేలికపాటి విమానంలో 20 గంటల్లోనే లైసెన్సు" అన్న వాక్యం నన్ను కూడా ఆకర్షించింది. చేరిన రెండో వారంలో ఆ 20 గంటలు ఎక్కడివని అడిగితే, కౌంటర్ దగ్గర కూర్చునే అబ్బాయి ఒక అమెరికా వీడియో చూపించాడు. అమెరికాలో 2004లో స్పోర్ట్ పైలట్ అనే కొత్త తరగతిని తెచ్చి, దానికి కనీస శిక్షణను 20 గంటలుగా పెట్టిన మాట నిజమే. గరిష్ఠంగా 600 కిలోల బరువుతో నేల విడిచే రెండు సీట్ల చిన్న విమానాలను లైట్ స్పోర్ట్ విమానాలనడం అప్పటి నుండే బాగా వాడుకలోకి వచ్చింది. మన దేశంలోనూ ఆ విమానాల తరగతి ఉంది, దాని కన్నా తేలికైన 450 కిలోల మైక్రోలైట్ తరగతీ ఉంది. అయితే అమెరికా వారి గంటల లెక్క అమెరికాలోనే చెల్లుతుంది. ఇక్కడ పీపీఎల్ కావాలనుకున్నవాడు 40 గంటలకు సిద్ధపడాలి. వాతావరణం, విమానాల కొరత, మన చెయ్యి ఇంకా తిరగకపోవడం కలిసి ఆ 40ని ఇంకా పెంచుతాయి గాని తగ్గించవు. కరపత్రంలోని ఆ వాక్యాన్ని తీసేయమని నేను రెండుసార్లు చెప్పాను. మొన్న వెళ్లినప్పటికి కూడా కొత్త కట్టలో అదే వాక్యం ఉంది.

ఇంత కోపంతో మొదలుపెట్టినా, అదే గదిలో నేను విన్న కొన్ని పాఠాలు నా విద్యార్థి జీవితంలోనే మేలైనవని ఒప్పుకోవాలి. వాతావరణ శాస్త్రం, నావిగేషన్ చెప్పే మాస్టారు వాయుసేనలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆయన మొదటి రోజున పుస్తకం తెరవకుండా, శ్రీకాకుళం నుండి వచ్చినవాళ్లెవరో చేతులెత్తమన్నారు. నలుగురం ఎత్తాం. "లెక్చరర్ గారూ, తిత్లీ వచ్చినప్పుడు మీ పెరట్లో చెట్టేదైనా పడిందా? పడితే ఎటు తల పెట్టి పడింది?" అని నన్ను అడిగారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తుపాను తీరం దాటినప్పుడు మా ఇంటి వెనుక కొబ్బరి చెట్టు ఆగ్నేయానికి తల పెట్టి పడింది. అంటే గాలి వాయవ్యం నుండి వచ్చినట్టు. ఆయన నన్ను లేపి, వాయవ్యానికి వీపు పెట్టి నిలబడమని, ఎడమ చెయ్యి చాచమన్నారు. నా చెయ్యి ఈశాన్యాన్ని, అంటే సరిగ్గా పలాస వైపును చూపించింది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమ పక్కన ఉంటుందన్న బైస్ బాలట్ సూత్రాన్ని నేను ఎన్నో ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. నా పెరటి చెట్టు ఆ సూత్రాన్ని రుజువు చేసి పడి ఉందని మాత్రం ఆ రోజు దాకా తట్టలేదు. ఉద్దానం నుండి వచ్చిన కుర్రాడు తమ జీడితోటలో చెట్లు ఒకే దిక్కుకు పడలేదని, కొన్ని ఇటూ కొన్ని అటూ పడ్డాయని అన్నాడు. తుపాను కేంద్రం దగ్గరగా దాటిపోతే గాలి దిక్కు ఎలా తిరుగుతుందన్నది ఆ మాట మీదనే మిగతా గంటంతా చెప్పారు.

నావిగేషన్ కూడా అంతే సొంతంగా సాగింది. భోగాపురం నుండి తీరం వెంట కళింగపట్నం దీపస్తంభం వరకు, సుమారు 40 నాటికల్ మైళ్ల దూరానికి, మా చేత కాగితం మీద ఒక ప్రయాణం వేయించారు. ఎడమ పక్కన ముందు నాగావళి, తరువాత వంశధార సముద్రంలో కలిసే చోట్లను గుర్తులుగా పెట్టుకోవాలి. 90 నాట్ల, అంటే గంటకు 90 నాటికల్ మైళ్ల, వేగంతో వెళ్లే విమానానికి ఎదురుగాలి లేకపోతే సుమారు 27 నిమిషాలు పడుతుంది, 15 నాట్ల ఎదురుగాలి ఉంటే 32 నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాల తేడాకు ఎంత పెట్రోలు అదనంగా కావాలో లెక్కకట్టిన తరువాతే మమ్మల్ని టీకి వదిలారు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగాలో ఉండడం వల్ల ఈ తీరం మీది ఆకాశం మన ఇష్టానికి తిరిగే చోటు కాదని, ఎగిరే ముందు వాయు రక్షణ అనుమతి నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నంబరు తీసుకోవాలని ఆ కాగితం ప్రయాణంలోనే తెలిసింది. స్థానిక కాలం లెక్కకు కూడా మా ఊరే ఉదాహరణ అయింది. దేశమంతటి గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, శ్రీకాకుళం ఉన్నది సుమారు 83.9 దగ్గర, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. కాబట్టి అరసవల్లి సూర్యుడు మన గడియారం కంటే అయిదున్నర నిమిషాలు ముందుంటాడు. కంటిచూపు మీద ఆధారపడి నడిపే విమానం సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాలకు మించి ఆకాశంలో ఉండకూడదన్నది నిబంధన కనుక, ఈ లెక్క పరీక్ష కోసమే కాదు.

బరువు, సమతూకం పాఠం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు వారం వచ్చింది. పండుగ రోజుల్లో ఆ వీధుల్లో అడుగు పెట్టే వీలుండదు కనుక క్లాసు ఉండదని చెబుతూనే, మాస్టారు బల్ల మీద సిరిమాను బొమ్మ గీశారు. పొడవైన కొసన పూజారి, మధ్యలో ఇరుసు, అవతల పొట్టిగా మొదలు వైపు. పూజారి బరువు మారకుండా ఆయన ఆసనాన్ని ఇరుసు వైపు మూరెడు జరిపితే మొదలు వైపు బరువు ఎంత తగ్గించాలని అడిగారు. బరువు ఎంతన్నదే కాదు, ఇరుసు నుండి ఎంత దూరంలో ఉన్నదన్నది కూడా లెక్కే అన్న సంగతి ఇంటర్ ఫెయిలైన కుర్రాడికి కూడా అరనిమిషంలో తెలిసిపోయింది. నేను మొమెంట్ గురించి చెప్పేటప్పుడు ఇన్నేళ్లూ తలుపు బొమ్మే గీశాను, సిరిమాను ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తరువాత అసలు లెక్క ఇచ్చారు: ఖాళీ బరువు 350 కిలోలున్న రెండు సీట్ల విమానంలో నేను 88 కిలోలు, పక్కన 84 కిలోల ఇన్‌స్ట్రక్టరు, 100 లీటర్ల పెట్రోలు, అంటే సుమారు 72 కిలోలు. మొత్తం 594. సంచీ పెట్టుకోవడానికి మిగిలింది ఆరు కిలోలు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి రాత్రి భోజనంలో అన్నం తగ్గించుకున్నాను.

ఇంజిన్ పాఠం చెప్పిన మెకానిక్ మాటకారి కాదు గాని పని తెలిసినవాడు. తేలికపాటి విమానాల్లో ఎక్కువగా కనిపించే రోటాక్స్ 912 ఇంజిన్ గురించి ఆయన చెప్పినంత వివరంగా ఏ వీడియోలోనూ నేను వినలేదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ వాడే పిపిస్ట్రెల్ వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 అనే చిన్న విమానంలో ఉన్నది ఈ జాతి ఇంజినే, 80 గుర్రపు శక్తిది. పాత సెస్నా 152 ఇంజిన్ నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పితే, ఇది నిమిషానికి 5,800 చుట్ల దాకా తిరుగుతూ మధ్యలో గేర్లతో ఆ వేగాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌కు అందిస్తుంది. దీని ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. కొలిచే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతూ, ట్యాంకులో గుడగుడమన్న చప్పుడు వినిపించే దాకా ఆగాలి. ఆ చప్పుడు రాకముందే పుల్ల ముంచి చూసినవాడు ఆయిల్ తక్కువుందనుకుని అదనంగా పోసేస్తాడు. నెలల తరువాత నిజం విమానం ముందు నిలబడినప్పుడు నేను తడుముకోకుండా చేసిన మొదటి పని అదే.

గాలి, నావిగేషన్, ఇంజిన్ ఇంత బాగుంటే, ఎయిర్ రెగ్యులేషన్స్, అంటే విమానయాన నిబంధనల పాఠం, అంత నాసిగా ఉంది. ఎనిమిది నెలల్లో ముగ్గురు మారారు. ముగ్గురూ కమర్షియల్ లైసెన్సు చేతిలో పెట్టుకుని ఎయిర్‌లైన్ పిలుపు కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లే. పిలుపు రాగానే వారు వెళ్లిపోవడంలో తప్పు లేదు, వారి మీదనే ఒక సబ్జెక్టును వదిలేయడం కేంద్రం తప్పు. అచ్చు వేసి ఇచ్చిన నోట్సులో 1934 నాటి విమాన చట్టమే ఇంకా అమలులో ఉన్నట్టు రాసి ఉంది. దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2024 వచ్చి, 2025 జనవరి 1 నుండి అమలవుతోంది. విమానంలో రేడియో వాడడానికి కావలసిన రేడియో టెలిఫోనీ లైసెన్సు పరీక్ష టెలికాం శాఖదని కూడా ఆ నోట్సు చెబుతుంది. కొత్త చట్టం ఆ బాధ్యతను డీజీసీఏకు అప్పగించింది. పరీక్షకు వెళ్లేవాడికి ఇవి చిన్న తప్పులు కావు. పౌర విమానయాన శాఖ మంత్రి మా శ్రీకాకుళం ఎంపీ గారే అయిన కాలంలో, పక్క ఊళ్లో పాత చట్టం చదువుకోవడం కొంచెం నామోషీగా కూడా అనిపించింది.

సిమ్యులేటర్ గురించి రెండు మాటలు చాలు. అది మూడు తెరలు, చేత్తో నడిపే ఒక యోక్, కాళ్లతో తొక్కే రెండు రడ్డర్ పెడల్స్ బిగించిన మంచి కంప్యూటర్. చెక్‌లిస్టు నోటికి రావడానికి, రేడియోలో మాట తడబడకుండా ఉండడానికి ఉపయోగపడుతుంది. దానికి డీజీసీఏ ఆమోదం లేదు కనుక దాని మీద గడిపిన గంట ఒక్కటి కూడా ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కులో చేరదు. గంటకు 600 రూపాయలు విడిగా తీసుకుంటున్నప్పుడు ఆ సంగతి ముందే చెప్పవలసింది.

నాకు నిజంగా బాధ కలిగించినది మెడికల్ విషయం. స్టూడెంట్ లైసెన్సుకైనా, పీపీఎల్‌కైనా డీజీసీఏ గుర్తించిన వైద్యుడి దగ్గర క్లాస్ 2 వైద్య పరీక్షలో నెగ్గాలి. నేను విశాఖ వెళ్లి ఒక పూటలో చేయించుకున్నాను. మా బ్యాచ్‌లో బొబ్బిలి వైపు నుండి వచ్చే ఒక కుర్రాడు అయిదు నెలలు చదివిన తరువాత ఆ పరీక్షకు వెళితే, రంగుల గుర్తింపు దగ్గర ఆగిపోయాడు. చుక్కల బొమ్మలో అంకె కనిపించలేదు. ఆ పిల్లవాడి తండ్రి ధాన్యం అమ్మి కట్టిన 45 వేల రూపాయల్లో కేంద్రం ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు. రసీదు వెనుక చిన్న అక్షరాల్లో ఆ నిబంధన ఉన్న మాట వాస్తవమే. ముందు మెడికల్, తరువాత ఫీజు అన్న క్రమాన్ని చేరే రోజున నోటితో చెప్పడానికి ఏమంత ఖర్చవుతుంది? మీరు ఏ కేంద్రంలో చేరినా సరే, వైద్య పరీక్ష కాగితం చేతికి రాకముందు మొదటి వాయిదా కూడా కట్టవద్దు.

ఇక ఎగరడం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దానికి చోటు లేదు కనుక, ఈ కేంద్రం వేరే రాష్ట్రంలోని ఒక శిక్షణ సంస్థతో ఒప్పందం పెట్టుకుంది. నేను వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్లాను. ఒప్పందం అంటే ఒక ఫోన్ నంబరు, ఒక పరిచయ లేఖ, అంతే. ఫీజు తగ్గింపు లేదు, వరుసలో ముందు చోటు లేదు. మొదటి నెలలో నాకు దొరికింది ఆరు గంటలు. రెండు విమానాల్లో ఒకటి వంద గంటల తనిఖీకి వెళ్లింది, రెండోదాని కోసం పద్నాలుగు మందిమి ఉన్నాం. లాడ్జి అద్దె, భోజనం ఖర్చు మాత్రం ఏ తనిఖీకీ ఆగలేదు. వెళ్లే ముందు అడగవలసింది గంటకు ఎంతన్నది ఒక్కటే కాదు. ఎగిరే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, వరుసలో ఎందరున్నారు, గత నెలలో ఒక్కో విద్యార్థికి సగటున ఎన్ని గంటలు దొరికాయి అన్నవి అడగాలి. వీలైతే చివరి ప్రశ్నను ఆఫీసులో కాకుండా, బయట టీకొట్టు దగ్గర ఉండే విద్యార్థులను అడగండి.

అయినా ఆ ఆరు గంటలు ఎలా ఉన్నాయో చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. తేలికపాటి విమానం కారు కాదు, మోపెడ్‌కు దగ్గర. ఉదయం ఆరున్నరకు గాలి నిలకడగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో పట్టుకుంటే చెప్పిన మాట వింటుంది. పది దాటి నేల వేడెక్కిందంటే చేటలో బియ్యం చెరిగినట్టు ఎగరేస్తుంది. దిగేటప్పుడు నిర్ణయించిన వేగం కంటే అయిదు నాట్లు ఎక్కువ ఉంటే చాలు, నేలకు మూరెడు ఎత్తున తేలుతూ రన్‌వే సగం దాకా పోతుంది గాని చక్రాలు ఆనించదు. రెక్క నేలకు దగ్గరగా ఉన్నప్పుడు గాలి నిరోధం తగ్గడం వల్ల అలా జరుగుతుందని సూత్రం నాకు తెలుసు. తెలిసి కూడా తొమ్మిదిసార్లు అలాగే తేలాను. పదోసారి వేగం సరిగ్గా పట్టినప్పుడు చక్రాలు ఆనిన సంగతి చప్పుడును బట్టి తెలిసింది గాని కుదుపును బట్టి కాదు. ఇన్‌స్ట్రక్టరు ఏమీ అనలేదు, చేతిలోని కాగితం మీద ఒక టిక్కు పెట్టారు. విజయనగరం క్లాసుల విలువ నాకు అక్కడ తెలిసింది. మిగతావాళ్లు గాలి దిక్కు చూపే గాలిసంచి చూసి పక్కగాలి ఎంతో లెక్కపెట్టుకునే లోపు మా బ్యాచ్‌వాళ్లం ముగ్గురం సమాధానం చెప్పేసేవాళ్లం.

రాత పరీక్షలో నాకు 84 మార్కులు వచ్చాయి. రెగ్యులేషన్స్ భాగాన్ని నోట్సు పక్కన పడేసి, డీజీసీఏ వెబ్‌సైట్‌లోని అసలు నిబంధనలు దించుకుని చదివాను. పరీక్ష రాయడానికి ముందు డీజీసీఏ నుండి కంప్యూటర్ నంబరు అనే అభ్యర్థి గుర్తింపు సంఖ్య తీసుకోవాలని, దానికి సర్టిఫికెట్ల తనిఖీ వల్ల వారాలు పట్టవచ్చని కేంద్రంవారు సకాలంలో చెప్పి, దరఖాస్తు దగ్గరుండి పెట్టించారు. ఆ మేలు మరచిపోకూడదు.

అయిదుకు ఎన్ని అంటే, వాతావరణం, నావిగేషన్, ఇంజిన్ పాఠాలకు అయిదు, రెగ్యులేషన్స్‌కు ఒకటిన్నర, ఆఫీసు వ్యవహారానికి రెండు ఇస్తాను. తెలుగులో ఆలోచించి తెలుగులో అడగగలిగే చోట ఈ చదువు కావాలనుకునే ఉత్తరాంధ్ర పిల్లలకు, వాయుసేన మాస్టారు అక్కడ ఉన్నంత కాలం, 45 వేలు ఎక్కువ కాదు. ఎయిర్‌లైన్ ఉద్యోగం కోసం తొందరలో ఉన్నవారు నేరుగా ఎగిరే సౌకర్యం, హాస్టలు ఉన్న పెద్ద సంస్థను చూసుకోవడం మంచిది. కొత్త బ్యాచ్ జూన్ మొదటి శనివారం నుండి అంటున్నారు. నా లాగ్‌బుక్కులో ఇప్పటికి 14 గంటల 20 నిమిషాలు ఉన్నాయి. దసరా సెలవులకు మళ్లీ వెళుతున్నాను, ఈసారి ముందే ఫోన్ చేసి తనిఖీకి వెళ్లిన విమానం తిరిగి వచ్చిందో లేదో కనుక్కున్నాను. వచ్చిందట.